ఒక కారు, ఇద్దరు బాపులు, ఒకటే రూము

పోస్టు జర పెద్దగైంది, ఓపికతోని చదవండ్రి.

మేమంటే ఇద్దరం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటే హాస్టల్, ఒకటే రూము, ఆరు మంచాలల్ల మా రెండూ పక్కపక్కనే. దేవరకొండ దిక్కు తాండా నుంచి వచ్చినం, మా రెండిండ్లల్ల కాలేజీ మెట్లెక్కింది మేమే మొదలు. వరసకు బావాబామ్మర్దులం. మాలో ఒకరి బాపు కారు అమ్మిండు, ఇంకొకరి బాపు కొన్నడు. ఎవరి బాపు ఎవరో ఈ పోస్టులో చెప్పం. చెప్తే మీరు ఒక పక్కకు పోయి కూసుంటరు. మా తాండంతా అట్లనే కూసున్నది.

కొన్న బాపు బీఎన్ రెడ్డి నగర్ దగ్గర కిరాయికుంటడు, సెంట్రింగ్ పని. అమ్మిన బాపు ఊర్లనే పత్తి వేస్తడు. అమ్మినాయన చెల్లెను కొన్నాయన చేసుకున్నడు. అంటే మధ్యల ఒక మనిషి ఉన్నది, మాలో ఒకరికి యాడి, ఒకరికి ఫూఫి. ఈ కథల అందరికన్నా ఎక్కువ నలిగింది ఆమెనే.

2023 దసరాకు బేరమైంది. పాత వ్యాగన్ఆర్, 2,40,000 రూపాయలు. అరవై వేలు చేతికిచ్చి, మిగిలింది సంక్రాంతికి ఇస్త అని కారు తీసుకపోయిండు. కాయితం లేదు. బావ దగ్గర కాయితం రాయించుకుంటరా అని మనోళ్లే నవ్వుతరు గదా. సంక్రాంతి దాటినంక ఫోన్‌పేల ఇరవై వేలు వచ్చినయి. తర్వాత ఏం రాలె.

ఎగ్గొడదామని కాదు, ఇది రెండు పక్కలా కూసుని విన్నోళ్లం గనక చెప్తున్నం. కారు తీసుకపోయిన రెండో నెలనే క్లచ్ పోయింది, గేరుబాక్సు పనికొచ్చింది, 38,000 ఖర్చు. "ముందే తెలిసి నాకు అంటగట్టిండు" అని ఆయన. "నా దగ్గరున్నప్పుడు సుబ్బరంగ నడిసింది" అని ఈయన. ఆర్‌సీ ఇంకా అమ్మినాయన పేరు మీదనే. "పైసలిస్తే సంతకం పెడ్త" అని ఒకరు, "సంతకం పెడితే పైసలిస్త" అని ఇంకొకరు. ఏడాదిన్నర ఈ రెండు మాటల మీదనే నడిసింది.

మధ్యల చలాన్లు. కారు ఎల్బీ నగర్‌ల సిగ్నల్ దాటితే ఫోటో మెసేజీ తాండల పత్తి చేన్ల ఉన్నాయన ఫోనుకు. ప్రతి మెసేజీకి ఒక తిట్టు. ఆ తిట్టు ముందు మాకు వస్తది, ఇద్దరికీ.

2024ల రాఖీకి ఆమె పుట్టింటికి పోలె. తీజ్‌కు కూడా పోలె. "నీ అన్న ఇంటికి పోతే అటే ఉండు" అన్నడంట. రాఖీ కొని పెట్టుకున్నది, మాలో ఒకరి చేతికిచ్చి పంపింది. అది హాస్టల్ పెట్టెలనే ఉండిపోయింది, ఇచ్చే ధైర్యం కాలె.

రూముల కూడా బాగ లేకుండె. ఒకరికి మెస్ ఫీజు మూడు నెలలు ఆగింది, వార్డెన్ అందరి ముందట అడిగేది. ఇంకొకరు అదే కారుల వచ్చి హాస్టల్ ముందట దిగిన రోజులున్నయి. కొన్ని రోజులు మేము మాట్లాడుకోలె. మూరెడు దూరంల పండుకుని కూడా.

తాండల నాయక్, కార్భారి పంచాయితీ పెడ్తమన్నరు. పెద్దమనుషులంటే మాకు మర్యాదనే. కానీ ముందు చెరి పదివేలు డిపాజిట్ పెట్టాలె, కూసున్నోళ్ల ఖర్చులు వేరే. ఫీజుకే పైసల్లేవు. ఇంకో చుట్టం, "రెండో తాళంచెవి నీ దగ్గరుంది గదా, రాత్రిపూట పోయి తెచ్చుకో" అని సలహా ఇచ్చిండు. అది వింటే కేసు మన మీదికే తిరుగుతుండె. అమ్మి, చేతుల పెట్టినంక కారు కొన్నోనిదే, నీకు రావాల్సింది పైసలు. పోలీస్ స్టేషన్‌ల కూడా ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పోండ్రి అన్నరు.

కోర్టు మాకు దూరమేం కాదు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీ నగర్‌లనే ఉన్నయి, రోజూ మెట్రో మీద అటే పోతం. లోపలికి పోవాలంటేనే భయం. లా చదివే సీనియర్ అన్న ఒకరు చెప్పిండు, అక్కడనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటదని. 1987ల వచ్చిన చట్టం, దాని 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఉచితంగా లాయర్ సాయం దొరుకుతది, ఆదాయం ఎంతున్నా. మన క్యాస్ట్ సర్టిఫికెట్ స్కాలర్‌షిప్‌కు తప్ప దేనికీ పనికొస్తదని మాకు తెల్వదు. 15100కు ఫోన్ చేసినా చెప్తరు.

పోయినం. కేసు వెయ్యకముందే అర్జీ పెట్టుకుంటే రెండు పక్కలనూ పిలిచి కూసోబెడ్తరు. ఫీజు లేదు. ఒప్పుకుంటే లోక్ అదాలత్‌ల అవార్డు రాస్తరు, అది సివిల్ కోర్టు డిక్రీతోని సమానం, అప్పీలు ఉండదు. ఒప్పుకోకపోతే ఎవరి దారి వాళ్లది, కోర్టు దారి తెరిచే ఉంటది. కానీ గడువు మూడేండ్లు. మాది 2024 సంక్రాంతికి ఇయ్యాల్సిన బాకీ, 2027 సంక్రాంతి దాటితే దావా వెయ్యరాదు. బాకీ ఉన్నదని గడువు లోపల రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్ల మూడేండ్లు.

అమ్మిన బాపు మనసు మారింది మాత్రం ఇంకో మాటకు. ఆర్‌సీ నా పేరు మీదుంటే నా పైసలు భద్రం అనుకుంటుండె ఆయన. అక్కడి లాయరమ్మ అడిగింది, "కారు ఎవరినన్న గుద్దితే?" అని. 2018ల సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసుల తేల్చింది, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీదుంటే నష్టపరిహారం బాధ్యత వాళ్లదే, కారు ఎన్ని చేతులు మారినా సరే. మోటారు వాహనాల చట్టం ప్రకారం అమ్మినోళ్లు 14 రోజులల్ల, కొన్నోళ్లు 30 రోజులల్ల ఆర్‌టీఓకు తెలపాలె. ఆయన చాలాసేపు ఏమనలె. బయటికొచ్చి, "ఏడాదిన్నర నా మెడకు నేనే తాడు పట్టుకున్ననా" అన్నడు.

లెక్క మేమే రాసినం. హాస్టల్ మేడ మీద, లాంగ్ నోట్‌బుక్‌ల, ఫోన్‌పే స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని. రావాల్సింది 1,60,000. గేరుబాక్సు బిల్లు మెకానిక్ దగ్గర మళ్ల రాయించుకొచ్చినం. చెరి సగం, 19,000 తీసేస్తే 1,41,000. కారు పోయినంక పడ్డ చలాన్లు అన్నీ కొన్నాయనవే. ఈ లెక్క పట్టుకుని మాలో ఎవరం ఎవరి బాపు దగ్గరికి పోవాలె అని ఒక రాత్రంతా ఆలోచించినం. చివరికి మార్చుకున్నం. ఎవరి బాపు దగ్గరికి వాళ్లం పోలె, అవతలి బాపు దగ్గరికి పోయినం. సొంత కొడుకైతే గల్లా పడ్తడు, అల్లున్ని ఏమంటడు?

2025 మార్చిల కూసున్నరు. ఇద్దరు బాపులు కోర్టు ముందటి టీ కొట్టుకాడ రెండు వేరే బెంచీల మీద. రెండు టీలు మేమే మోసుకపోయినం. లోపల గేరుబాక్సు మాటొచ్చి మళ్ల గొంతులు లేసినయి, కొన్నాయన లేచి బయటికి కూడా వచ్చిండు. అప్పుడు ఆమె మాట్లాడింది. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలె, మేము కూడా. "కారు మీది, అన్న నాది" అన్నది మొగనితోని. అంతే. ఆయన పోయి కూసున్నడు.

41,000 అదే రోజు, మిగిలిన లక్ష నెలకు ఇరవై వేల చొప్పున అయిదు నెలలు, ప్రతి పదో తారీఖుకు. అవార్డుల ఇదంతా రాసిండ్రు, తప్పితే అమలు కోసం కోర్టుకు పోవచ్చు. అందుకే ఫారం 29, ఫారం 30 మీద ఆ రోజే సంతకాలైనయి, ఆర్‌సీని పట్టుకుని ఆపే పని లేకుండె. ఇన్సూరెన్స్ పేరు కూడా మార్చుకోవాలె, అది మర్చిపోకండ్రి.

మే నెలది పన్నెండు రోజులు లేటు. ఆ పన్నెండు రోజులు మేము అన్నం సరిగ తినలె. ఆగస్టుది ఈ పోస్టు రాసేనాటికి సగమే వచ్చింది. బాపులు ఇంకా నేరుగ మాట్లాడుకోరు. పైసలు వేసినాయన స్క్రీన్‌షాట్ మాకు పంపుతడు, మేము అటు పంపుతం, ఆయన "ముట్టింది" అని మాకే చెప్తడు.

ఈ తీజ్‌కు ఆమె వచ్చింది, అదే కారుల. పెట్టెల ఉన్న పోయినేడాది రాఖీ, ఈ ఏడాదిది, రెండూ కట్టింది. అమ్మిన బాపు కారు చుట్టూ ఒకసారి తిరిగిండు. ఎనుక టైరును కాలుతోని తన్ని చూసి, "గాలి తక్కువున్నది, పోయేటప్పుడు మాల్ల కొట్టించుకోమను" అని మాతోని చెప్పిండు. బావ పక్కనే నిలబడి ఉన్నడు.