ఒక్కొక్కటిగా

ఆ గోడౌన్ సిమ్యులేషన్ ఒక్కసారి నడవడానికి 40 నిమిషాలు పట్టేది. మార్చి చూడాల్సినవి ఐదు: బెల్టు వేగం, ప్యాకర్ల సంఖ్య, ట్రాలీలు, ఆర్డర్లను ఎన్నేసి కలపాలి, లారీలు వచ్చే వేళలు. స్కూల్లో సైన్సు మాస్టారు నేర్పిన పద్ధతే పట్టుకున్నాను. అన్నిటినీ కదలకుండా ఉంచి ఒక్కటే మార్చడం. ఆరు రన్నులు, ఒక్క పూట పని.

ఆరుగురు ప్యాకర్లను తగ్గిస్తే తేడా ఏమీ రాలేదు. బెల్టు వేగం పెంచితే లాభం కనిపించింది. రెండూ నిజమే. గ్రాఫులతో సహా రిపోర్టు పంపాను. వాళ్ళు రెండూ చేశారు. కాంట్రాక్టు మీదున్న ఆరుగురిని తీసేశారు, బెల్టు వేగం పెంచారు. వారం తిరక్కుండానే ప్యాకింగ్ బల్లల ముందు డబ్బాలు గుట్టలు పడ్డాయి. ఆ రెండూ కలిసిన రన్ను నేను నడపనే లేదు!

ఒక్కోసారి ఒక్కటే మార్చాలన్న సూత్రాన్ని ఇంగ్లండులో, రాథమ్‌స్టెడ్ పొలాల్లో ఎరువుల ప్రయోగాలు చూసిన ఫిషర్ 1926లోనే కాదన్నాడు. ఐదింటికి రెండేసి స్థాయిలంటే మొత్తం 32 కలయికలు. సరిగ్గా ఎంచుకుంటే 16 చాలు. ఆ పట్టికలో ఏ రెండు నిలువు వరసలు తీసుకున్నా ఎక్కువ-ఎక్కువ, ఎక్కువ-తక్కువ, తక్కువ-ఎక్కువ, తక్కువ-తక్కువ నాలుగూ నాలుగేసి సార్లు వస్తాయి. మూడేసి కలిసి చేసే గొడవ చిన్నదేనన్న నమ్మకం మీద బండి నడుస్తుంది, అది నిజమే. ఇలాంటి పట్టికలకు ఆర్థోగోనల్ ఎర్రేలన్న సాధారణ రూపమిచ్చి 1947లో రాసింది మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు. ఇంజనీరింగులో ఆయన పేరు నాకు పరీక్షలో వచ్చే ఒక అసమానత మాత్రమే.

శుక్రవారం సాయంత్రం నాలుగు మెషీన్ల మీద 16 వరసలూ వదిలాను. ఈసారి ఒక్కో వరసకూ పది సీడ్లు, అన్నిటికీ అవే పది. లేకపోతే తేడా నా మార్పు వల్ల వచ్చిందో, ఆ రోజు ఆర్డర్ల అదృష్టం వల్ల వచ్చిందో తెలీదు. మొదటిసారి ఒక్క సీడ్‌తోనే సరిపెట్టాను. అదింకో సిగ్గు. వేగం పెరిగి ప్యాకర్లు తగ్గిన నాలుగు వరసల్లోనూ అవే గుట్టలు.

"అయితే సిమ్యులేషనే తప్పా?" అని మేనేజరు అడిగారు. కాదు సార్ అన్నాను. కోడ్‌లో ఒక్క లైను కూడా మార్చలేదు.

ఆరుగురికీ ఫోన్లు చేశారట. నలుగురు తిరిగొచ్చారు.