కోటప్పకొండ తిరునాళ్లలో భోజనవసతి

గుంటూరు సీమ నల్లరేగడి నేలలో మాఘమాసపు చివరి దినములు మిరపకోతల దినములు. కల్లములనిండ ఎఱ్ఱని కాయలు ఎండుచుండును. కోతకు పోయిన స్త్రీలకు చేతుల మంట రాత్రి నిద్రలో గూడ చల్లారదు. ఇంతటి పనిలోను వారు ఒక్క దినము మాత్రము చేను విడిచి వత్తురు. ఆ దినము మహాశివరాత్రి. వచ్చు చోటు కోటప్పకొండ. నరసరావుపేటకు దక్షిణముగా సుమారు 12 కిలోమీటర్ల దూరమున, మైదానము నడుమ మూడు శిఖరములతో నిలిచియున్న ఈ కొండకు త్రికూటాద్రి యని పేరు. 2022లో జిల్లాలను విభజించినప్పటినుండి ఇది పల్నాడు జిల్లాలో చేరినది గాని, గుంటూరు ఒంగోలు సీమల వారికందఱకును ఇది తమ కొండయే.

ఆకాశము నంటునట్లు కట్టి తెచ్చు ప్రభలను గూర్చి వ్రాసినవారు పెక్కుమంది కలరు. పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరు గృహిణికి మాత్రము మొదట తోచు ప్రశ్న వేఱు. అక్కడ ఏమి తినవలెను? ఎక్కడ తినవలెను? దీనిని చిన్న ప్రశ్నగా నెంచరాదు. ఆ కొండ కథయంతయు దీని చుట్టే తిరుగుచున్నది.

కొండకావూరు గ్రామమున ఆనందవల్లి యను గొల్లభామ యుండెడిదట. శిఖరముపై తపస్సు చేయు జంగమదేవరకు ఆమె ప్రతిదినము పాలు తీసికొనిపోయి ఇచ్చుచుండెను. ఒకనాడు ఆమె మోసి తెచ్చిన నీటికుండపై కాకి వ్రాలి దానిని దొర్లింపగా, ఈ కొండపై ఇక కాకి వ్రాలకుండుగాక యని శపించెననియు, నేటికిని అచ్చట కాకి కానరాదనియు చెప్పుదురు. తరువాత ఆమె గర్భవతియై కొండ ఎక్కలేక, స్వామినే క్రిందికి రమ్మని వేడుకొనెను. వెనుదిరిగి చూడకుండ నడువుము, నేను వెంట వచ్చెదనని ఆయన ఒప్పుకొనెను. దారిలో ఆమె వెనుదిరిగి చూచినది. ఆయన అక్కడనే లింగమై నిలిచెను. ఇప్పటి ఆలయము ఆ చోటనే కలదందురు. పై శిఖరమున పాత కోటేశ్వరుని గుడి వేఱుగా నున్నది. దారిలో గొల్లభామకును గుడి కట్టినారు.

పురుషులు దీనిని మాట మీరిన స్త్రీ కథగా చెప్పుదురు. నాకు మాత్రము నిండుచూలాలు కడవ నెత్తిన పెట్టుకొని ఎక్కిన ఆ రాళ్లదారియే కనబడును. ఒక్క కుండెడు నీరు ఒలికినందులకు అంత కోపమేల యని అడుగువారు ఎండలో ఒకసారి కుండతో ఎక్కి చూడవలెను.

నేడు పైకి ఘాట్ రోడ్డు ఉన్నది. కడవలు మోయవలసిన పని లేదు. అయినను తిరునాళ్లనాటి జనసమ్మర్దములో పైన కూర్చుండి తినుటకు తావు దొరకదు. పైన తినదగినది స్వామి ప్రసాదము. అందును అరిసెలు పేరుపడినవి. తడిబియ్యపు పిండిని బెల్లపు పాకములో కలిపి వేచిన అరిసె కొన్నాళ్లపాటు చెడదు. కావున పిల్లవాని ఆకలికి అప్పటికి సగము, ఊరిలోనున్న ముసలి అత్తగారికి మిగిలిన సగము అన్నట్లు అది ప్రయాణమునకు తగిన పదార్థము.

అసలు భోజనము క్రిందనే. పూర్వము బండ్లు కట్టుకొని వచ్చినవారు చెట్లక్రింద మూడు రాళ్లు పెట్టి వండుకొనెడివారు. తీర్థమునకు వచ్చియు పొయ్యి ముందు కూర్చుండుట స్త్రీలకు తప్పినది కాదు! పురుషులు ప్రభలు చూచి వచ్చునప్పటికి విస్తళ్లు వేసి యుండవలెను. సత్రములు వెలసినందువలన ఈ కష్టము చాలవఱకు తొలగినది. ఐనను ఒక మాట చెప్పక తప్పదు. ఆ సత్రములలో పెక్కులు కులముల పేరిట వెలసినవి. తమ కులపు పేరుగల బోర్డు కనబడిన యిల్లాలు ధైర్యముగా లోనికి పోవును. మిరపకోతకు వచ్చు కూలిస్త్రీలలో అట్టి బోర్డు లేనివారును కలరు. వారు సద్దిమూటతో చెట్టునీడ వెదకుకొందురు. దాతలు బయట పందిళ్లు వేసి, ఎవరని అడుగక వడ్డించు పంక్తులలోనే నాకు భోజనము రుచించును. అన్నము వేడిగా నుండును, పక్కన కూర్చున్నదెవరో తెలియకయే మాటలు కలియును.

ఈ సీమ వంటలో కారము మెండు. కొరివికారము పట్టు ఋతువు కూడ ఇదియే గదా. మిరప మన దేశమునకు పోర్చుగీసువారి వెంట వచ్చినది. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని చూచి విసుగుకొన్నాడని ప్రసిద్ధి. ఆయనకు దానితో నంజుకొనుటకు కొరివికారము దొరకియుండిన అంతగా విసుగుకొనకుండునేమో! పసిపిల్లలకు మాత్రము ఇంటినుండి పులిహోర, వేఱు సీసాలో కాచి చల్లార్చిన నీరు తెచ్చుకొనుట మేలు. చింతపండు నూనె పడిన పులిహోర సాయంకాలమువఱకు నిలుచును. ఎండలో పెరుగన్నము పులియును.

ఇక ఉపవాసము. చిలగడదుంపలు ఉడికించుకొని, పండ్లు తిని జాగరము చేయువారు చేయుదురు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును, మందులు వాడుచున్న వృద్ధురాండ్రును కడుపు మాడ్చుకొని ఆ గుంపులో నిలువరాదు. కొండ ఎక్కుటకు ముందే మజ్జిగలో ఉప్పు వేసికొని త్రాగవలెను. చూలాలి కష్టము తెలియని కొండ కాదది.

తిరునాళ్ల గుంపు పడనివారు కార్తికమాసములో పోవచ్చును. అప్పుడు చుట్టును ప్రత్తికాయలు పగులుచుండును, ఎండ మృదువుగా నుండును. ఇంట వండి తెచ్చుకొన్నది నీడలో విప్పుకొని వనభోజనము చేయుటకు కావలసినంత చోటు కలదు. వడ్డించువారు గూడ అందఱితోపాటు కూర్చుండి తినుటకు ఆనాడు తీరిక దొరకును.