బ్యాక్‌వాటర్ అంటే మాకు ఒకటి, వాళ్లకు ఇంకొకటి

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం దేవీపట్నం మండలం కొండరెడ్లం. కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. మొన్న సెలవులకి కోరంగి వైపు ఉన్న క్లాస్‌మేట్ ఇంటికి వెళ్లాం. వాళ్లది చేపల వేట మీద బతికే కుటుంబం. "బ్యాక్‌వాటర్లో పండుగప్ప వేటకి వస్తారా?" అన్నాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పోలవరం కాఫర్ డ్యాం కట్టాక గోదారి వెనక్కి తన్ని మా ఇళ్లల్లోకి వచ్చిన నీళ్లనే మేం ఆ పేరుతో పిలుస్తాం.

తెల్లారుజామున నావలో మడ అడవి మధ్య ఉప్పుటేట్లోకి పోయాం. వాడి నాన్నని మేమూ బాబాయ్ అనే పిలిచాం. ఆయన బతికున్న రొయ్యని గాలానికి గుచ్చి, పోటు ఆగి పాటు మొదలయ్యే వేళకి మడ వేర్ల పక్కన వదిలాడు. నీళ్లు తీసేటప్పుడు చిన్న చేపలు, రొయ్యలు మడల్లోంచి బయటికొస్తాయి. పండుగప్ప అక్కడే కాచుకుని ఉంటుందంట. మా గోదారి ఎప్పుడూ ఒకవైపే పారేది కాబట్టి ఈ లెక్క మాకు కొత్త.

కాసేపటికి తాడు జోరుగా లాగింది. చేప నావలో పడగానే మాలో ఒకడు తల దగ్గర గట్టిగా పట్టుకున్నాడు. మొప్పల మూత అంచు కత్తిలా ఉంది, చెయ్యి తెగింది. "వాలుగ అనుకున్నావేంట్రా అబ్బాయ్!" అని బాబాయ్ నవ్వుతూనే గుడ్డ కట్టాడు.

పండుగప్ప మంచినీటిలో పెరిగినా, గుడ్లు పెట్టడానికి ఉప్పునీళ్లకే పోతుందని ఆయన చెప్పాడు. చిన్నప్పుడు ఎక్కువగా మగవే, పెద్దయ్యాక ఆడవిగా మారతాయి. అందుకే బాగా పెద్దది పడితే తల్లిని పట్టినట్టే అంటాడు. చేపకి ఏటికీ సముద్రానికీ మధ్య దారి ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 1852లోనే ఆనకట్ట కట్టారు. మా పాపికొండల దాకా రావాలంటే పండుగప్పకి అది అడ్డమే.

తిరిగొస్తుంటే మాకు మా నాన్నలే గుర్తొచ్చారు. పునరావాస కాలనీలో ఇల్లు ఇచ్చారు. వల గోడకి వేలాడుతోంది. ఏటికి పోవాలంటే ఆటో ఎక్కాలి, ఆ ఖర్చుకి సరిపడా చేప పడుతుందన్న నమ్మకం లేదు. నిలిచిన లోతు నీళ్లలో మా పాత వలలు పనికిరావడం లేదు. బాబాయ్‌కి ఉప్పుటేరు ఇంటి వెనకే ఉంది, వాళ్లబ్బాయికి వేట నేర్పుతున్నాడు. మా తమ్ముళ్లకి ఎవరు నేర్పాలి?

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపల మీద, నీటి వనరుల్లో దొరికే వాటి మీద సామూహిక హక్కు ఉందని రాసుంది. ఊరు మునిగితే ఆ హక్కు కూడా మునిగినట్టేనా? రేపు రిజర్వాయర్ నిండాక అందులో వేట ఎవరికి ఇస్తారు? గ్రామసభలో ఈ మాట ఇప్పుడే అడగాలి, తీర్మానం రాయించాలి.

లా చదివే అన్నలూ, అక్కలూ, తీర్మానం ఎలా రాయాలో చెప్పండి. మిగతావాళ్లు ఇంటికెళ్లినప్పుడు మీ ఊరి రేవుల పేర్లు, చేపల పేర్లు పెద్దవాళ్లని అడిగి రాసి పెట్టండి. మేం మా నాన్నలతో మొదలుపెట్టాం.

జై ఆదివాసీ.