షెల్టరు తాళం ఎవరి దగ్గర?

నాగాయలంక దాటాక రొయ్యల చెరువుల గట్ల మీదుగా ఆ ఊరు చేరేసరికి పదకొండు కావస్తోంది. గ్రామ సచివాలయం వరండాలో బల్ల మీద చోటు లేదు. 2019 అక్టోబరు 2న మొదలైన ఏర్పాటిది, పల్లెల్లో సుమారు రెండువేల జనాభాకు ఒకటి చొప్పున. వీఆర్వో, సర్వేయరు, ఏఎన్ఎం, డిజిటల్ అసిస్టెంటు అందరూ ఒకే కప్పు కిందికి వచ్చారు. ఆదాయ సర్టిఫికెట్‌కు మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఇది చిన్న మార్పేం కాదు.

లోపల ఒక మామ్మగారు వేలిముద్ర వేస్తున్నారు. నాట్లు వేసీ కలుపు తీసీ గీతలు అరిగిపోయిన బొటనవేలు. చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టారు.

"పడ్డదా బాబూ?"

"లేదు మామ్మా, ఇంకోసారి కాస్త గట్టిగా అదుము."

నాలుగో వేలికి పడింది. ఆవిడ ముఖంలో పరీక్ష పాసైన సంబరం!

పంచాయతీలు ఏమాత్రం ముందుకొచ్చాయో కొలిచే పని ఢిల్లీలోనూ జరుగుతోంది. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 9 అంశాల మీద పంచాయతీలకు నూటికి మార్కులు వేసి, 2022-23 లెక్కలతో తొలి ఫలితాలను 2025 ఏప్రిల్‌లో బయటపెట్టింది. రెండు లక్షలకు పైగా పంచాయతీల్లో అన్నిటికన్నా పై తరగతికి చేరినది ఒక్కటీ లేదు. రెండో తరగతిలో గుజరాత్‌వి 346, తెలంగాణవి 270. మార్కులు వేయడం మంచిదే. అంతకుముందు మిషన్ అంత్యోదయ సర్వే కూడా ఊళ్లో ఫలానా వసతి ఉందా, లేకపోతే ఎంత దూరంలో ఉందని అడిగింది. నా పేచీ ఆ "ఉందా" దగ్గరే. పంచాయతీ కార్యదర్శిని కదిపితే నవ్వేశారు. "ఉంటే ఉందనే రాస్తామండీ. ఎన్నింటికి తీస్తారని ఎవరూ అడగరు కదా."

చెరువుల మీద పనికి వెళ్లేవాళ్లు తెల్లారకముందే ఇల్లు విడుస్తారు, పొద్దుగూకాక తిరిగొస్తారు. ఆఫీసు వేళల్లో ఊళ్లో ఉండాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. వాళ్ల మటుకు సచివాలయం పక్క వీధిలో ఉన్నా, పక్క మండలంలో ఉన్నా ఒకటే.

అసలు చూడాలనుకున్నది తుఫాను షెల్టరు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, తీరం వెంబడి ఇలాంటివి లేచాయి. కింద స్తంభాలు, పైన గది, వెడల్పాటి మెట్లు. ఏడాదిలో రెండు మూడు రోజులు తప్ప దీనితో అవసరం పడదు, అదృష్టం బాగుంటే అసలే పడదు. అందుకే మామూలు రోజుల్లో ఇక్కడ అంగన్‌వాడీ నడుపుతున్నారు. నాకు నచ్చింది ఇదే. రోజూ పిల్లలు తిరిగే గదిలో ట్యాంకు కారినా, తలుపు బిగుసుకుపోయినా ఆ వారమే తెలుస్తుంది. వాడకుండా మూసిపెట్టిన షెల్టరులో అది తెలిసేది గాలివాన రాత్రే. మరుగుదొడ్లలో మాత్రం ఒకదానికి గడియ లేదు. ఆడవాళ్లు రాత్రంతా ఉండాల్సిన చోట అదేమంత చిన్న లోపం కాదు, ఏ మార్కుల పట్టికలోనూ అది దొరక్కపోవచ్చు.

పట్టికలో దొరకనిది ఇంకోటీ ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో నానింది. నీళ్లు తీశాక ఇల్లిల్లూ తిరిగి నష్టం రాసుకున్నది సచివాలయాల సిబ్బందే. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకు 10 వేలు ఇచ్చారు. ఆ పనిలో భవనం కన్నా, ఏ సందులో ఎవరుంటారో తెలిసిన మనుషులు ఎక్కువ అక్కరకొచ్చారు. పంచాయతీలకు మార్కులేసేటప్పుడు ఈ ఎరుకకూ కొన్ని వేయాలి.

దిగి వస్తూ, అర్ధరాత్రి హెచ్చరిక వస్తే షెల్టరు తాళం ఎవరు తీస్తారని కార్యదర్శిని అడిగాను.

"ఒకటి ఆఫీసులో ఉంటుందండీ. ఇంకోటి అంగన్‌వాడీ ఆయమ్మ దగ్గర. వాళ్లిల్లు ఇదిగో, ఈ మెట్ల ఎదురుగానే."

గడియ సంగతి కూడా చెప్పాను. జేబులోంచి చీటీ తీసి రాసుకున్నారు.