సాయంత్రానికి వచ్చేస్తాం కదా

బదిలీ ఉత్తర్వు వస్తే ఇల్లంతా పెట్టెల్లో సర్దడం మనకు బాగా వచ్చు. ఏ ట్రంకులో ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలం. ఒక్క పూట కొండకు వెళ్లేటప్పుడు మాత్రం నీళ్ల సీసా, పూరీల డబ్బా చాలనుకుంటాం. సాయంత్రానికి వచ్చేస్తాం కదా!

ఢిల్లీ పక్కనే అడవి ఉందంటే కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. ఆరావళి కొండల్లో అసోలా భాటీ ఉంది, ఫరీదాబాద్ వైపు మాంగర్ బనీ ఉంది. డిసెంబరు మధ్యాహ్నం అక్కడ ఎండకు స్వెట్టర్ విప్పి నడుముకు కట్టుకుంటాం. 5.30కల్లా పొద్దు గుంకుతుంది. అప్పుడు చెమటకు తడిసిన నూలు చొక్కాయే మనకు శత్రువు. నూలు తడిని వదలదు, గాలి ఆ తడిని ఆరబెడుతూ ఒంటి వేడిని పట్టుకుపోతుంది. విశాఖ, గుంటూరుల నుంచి వచ్చినవాళ్లకు ఇది వింతే. అక్కడ తడి చొక్కా హాయి.

కిందటి చలికాలం పిల్లలతో మాంగర్ వెళ్లాం. తిరుగుదారిలో 7వ తరగతి అమ్మాయికి రాళ్లమీద కాలు బెణికింది. మోసుకెళ్లే మనుషులు వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఈలోగా రెండు ధౌ చెట్లకు తాడు కట్టి, గాలి వచ్చే వైపు టార్పాలిన్ దించాం. నేల కూడా ఒంటి వేడిని లాగేస్తుంది కాబట్టి సంచులు పరిచి కూర్చోబెట్టాం. చాటున చొక్కా మార్పించి ఉన్ని స్వెట్టర్, టోపీ తొడిగాం. పైన వెండిరంగు రేకు దుప్పటి చుట్టాం. అది వేడి పుట్టించదు, మన వేడినే మనకు తిప్పి పంపుతుంది. అందుకే ఒళ్లు చల్లబడకముందే చుట్టాలి.

"రాత్రంతా ఇక్కడే ఉండాలా?" అని అడిగిందా పిల్ల.

"ఉండాల్సి వస్తే ఉండగలం" అన్నాం. అంతవరకూ ఆగని ఏడుపు అప్పుడు ఆగింది.

తెలంగాణలో గొర్రెల కాపరులను చూశారా? మందను తోలుకెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లే, అయినా భుజాన గొంగడి ఉంటుంది. దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో నేసిన ముతక కంబళి అది. వానకు నెత్తిమీదుగా కప్పుకుంటారు, చలికి చుట్టుకుంటారు, అలసిపోతే పరుచుకుంటారు. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. మన రేకు దుప్పటికి ఇన్ని విద్యలు రావు.

ఇప్పుడు మా సంచిలో ఇవి తప్పవు: ఉన్ని స్వెట్టర్, టోపీ, పొడి చొక్కా, పొడి మేజోళ్లు, అన్నీ మూతి బిగించిన పాలిథిన్ సంచిలో. ఇంకా రేకు దుప్పటి, చిన్న టార్పాలిన్, తాడు, టార్చి. మీ పుస్తకాల సంచి ఇంతకంటే బరువు, ఆ సంగతి వేరే వ్యాసం! ఈల మాత్రం సంచిలో పెట్టకండి. మెడలో వేసుకోండి.