కందకుర్తి నీళ్ళు

బోధను ప్రాంతపు విద్యార్థికి సముద్రం పాఠ్యపుస్తకంలోనే పరిచయం. మా వైపు నీరంటే నిజాంసాగరు కాలువ నీరు, ఆ తడితో పెరిగే చెరకు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. తరువాత రెండేళ్ళకు, మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివి వెళ్ళిన ఒక చెరకు రైతు కూతురు డిగ్రీ ముగించి, సముద్రశాస్త్రం చదువుతానని పట్టుపట్టింది. తండ్రి నా వద్దకు వచ్చి, "చెరుకు పండించెటోళ్ళ పిల్లకు ఉప్పునీళ్ళతోని ఏం పని సారూ?" అని అడిగాడు. పంటను దూరపు మిల్లులకు మోసుకొనిపోతున్న మనిషి వేసిన ప్రశ్న అది. నవ్వి కొట్టివేయదగినది కాదు.

నేనెరిగిన సముద్రం కావ్యాలలోనిది. అష్టాదశ వర్ణనలలో సముద్రవర్ణన ఒకటి. జలధి, వారిధి, అంబుధి అంటూ పర్యాయపదాలు ఎన్నయినా అప్పగించగలను. అన్నింటి అర్థమూ 'నీటికి నెలవు' అనే! అవి ఆ తండ్రికి అక్కరకు వచ్చేవి కావు. కనుక అమ్మాయినే పిలిచి అడిగాను.

సముద్రశాస్త్రమంటే చేపల చదువని చాలామంది అనుకొంటారు. చేపలు, నాచు జీవశాస్త్ర శాఖకు చెందినవి. నీటిలోని లవణాలను, వాయువులను పరిశీలించేది రసాయన శాఖ. అడుగున పేరుకొన్న ఒండ్రును చదివేది భూవిజ్ఞాన శాఖ. అలలు, ప్రవాహాలు, ఉష్ణోగ్రత భౌతిక శాఖ పరిధిలోనివి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ విద్యకు 1952లో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ రాకతో ఊపు వచ్చింది. లెక్కలు, భౌతికశాస్త్రం చదివిన మా అమ్మాయి భౌతిక శాఖనే ఎంచుకొంటానన్నది.

"మన కందకుర్తి నీళ్ళు అక్కడ ఏం చేస్తాయో చూడాలి సార్!"

కందకుర్తి వద్ద మంజీరను కలుపుకొని తెలంగాణలో అడుగిడే గోదావరి చివరకు బంగాళాఖాతం చేరుతుంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి వంటి నదులూ వానలూ తెచ్చిపోసే మంచినీరు ఉప్పునీటికంటె తేలిక. అందుచేత అది పైపొరగా నిలిచి, కింది చల్లని నీటితో త్వరగా కలవదు. ఎండవేడి ఆ పలుచని పొరలోనే చిక్కుకొంటుంది. అక్కడి తుఫానులకు బలం చేకూర్చే కారణాలలో అదొకటి. ఆ పొరే అడుగునున్న పోషకాలను పైకి రానీయదు. కనుక చేపల శాఖవారికీ ఈ లెక్క కావలసినదే.

ఉద్యోగం సంగతేమిటన్నాడు తండ్రి. సముద్రగాలి సోకని హైదరాబాదులోనే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉన్నది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం, 2007 అక్టోబరులో సునామీ హెచ్చరికల వ్యవస్థ అక్కడే ఏర్పడింది. చేపలు దొరికే తావులను మత్స్యకారులకు తెలిపేదీ అక్కడి నుంచే. కొలువులు తక్కువ, పోటీ ఎక్కువ అన్న సంగతిని కూడా ఆయనకు దాచకుండా చెప్పాను.

ఆయన కొంతసేపు ఊరకుండి, "హైదరాబాదైతే బస్సుల పోయి చూసి రావచ్చు" అన్నాడు. మరునాడు దరఖాస్తు రుసుము తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.