కామ్‌రేజ్ కూడలిలో ఒక పాఠం

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టి, 724 కిలోమీటర్లు ప్రవహించే తపతీ నదిని హజీరాలో ఉద్యోగం చేసే మనం సాగర సంగమం వద్దనే చూస్తుంటాము. ఎగువ తీరాన్ని కూడా దర్శించాలన్న కోరికతో ఒక ఆదివారం ఉదయం సహోద్యోగులం ముగ్గురం కారులో బయలుదేరాము. కామ్‌రేజ్ తాలూకాలోని టింబా గ్రామాన, నది ఒడ్డున వెలసిన గల్తేశ్వర మహాదేవ ఆలయం మా గమ్యం.

సూరత్ నగరాన్నీ, వజ్రాలకు సానపట్టే వరాఛా ప్రాంతాన్నీ దాటి ముందుకు సాగితే కామ్‌రేజ్ కూడలి ఎదురవుతుంది. ఒకప్పుడు 8వ సంఖ్యతోనూ, ఇప్పుడు 48వ సంఖ్యతోనూ వ్యవహరింపబడుతున్న జాతీయ రహదారిని నగర మార్గం ఇక్కడే కలుస్తుంది. లారీల రొద మధ్య చాయ్ సేవించి మరల కారెక్కాము. తాళం తిప్పితే 'టిక్' మన్న శబ్దం తప్ప ఇంజనులో చలనం లేదు.

రెండు వారాల క్రితం కూడా ఇదే జరిగింది. రాత్రి దీపం ఆర్పడం మరచి బ్యాటరీని పాడుచేశాడని డ్రైవరును నలుగురి ఎదుటా మందలించాము. అతడు కాదన్నా వినలేదు. కొత్త బ్యాటరీ వేయించాము. ఇప్పుడు అతడు మా ముఖం వంక చూడలేక తల వంచుకొని నిలబడ్డాడు.

మా మాటలు విని సమీపంలోని మెకానిక్ దగ్గరకు వచ్చాడు. "మీరు మనోళ్లేనా సార్? ఏ ఊరు?" అన్నాడు. నేతపని కోసం తెలంగాణ నుండి సూరత్ చేరిన అసంఖ్యాక పద్మశాలి కుటుంబాలలో అతనిదీ ఒకటి. తాతతండ్రులు మగ్గాన్ని నమ్ముకున్నారు, ఇతడు స్పానరు పట్టాడు.

అతడు వెంటనే ఏ భాగాన్నీ విప్పలేదు. ముందుగా గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతి బ్రేకు వేయించాడు. హెడ్‌లైట్లు వెలిగించి తాళం తిప్పమన్నాడు. బ్యాటరీ నీరసించి ఉంటే ఆ క్షణాన దీపాలు మసకబారాలి. అవి ప్రకాశిస్తూనే ఉన్నాయి. మీటరు బ్యాటరీలో 12.6 వోల్టులు చూపింది, అంటే నిండుగా ఉన్నట్లే. తరువాత మీటరు తీగలలో ఒకదానిని బ్యాటరీ ఋణ ధ్రువానికీ, రెండవదానిని ఇంజను లోహానికీ తాకించి మరల తాళం తిప్పించాడు. అర వోల్టుకు మించరాని చోట 3 వోల్టులు కనిపించాయి.

"బ్యాటరీ మంచిగనే ఉన్నది సార్. ఇంజనుకు ఎర్త్ అందుతలేదు" అన్నాడు.

స్టార్టరు మోటారుకు వంద ఆంపియర్లకు పైగా విద్యుత్తు కావాలి. 150 ఆంపియర్లు ప్రవహించేటప్పుడు ఓమ్‌లో యాభయ్యవ వంతు నిరోధం చాలు, 3 వోల్టులు దారిలోనే హరించుకుపోతాయి. ఇంజనును కారు దేహంతో కలిపే అల్లిక పట్టీని విప్పి చూస్తే, బోల్టు క్రింద తుప్పు పేరుకొని ఉంది. మనం నివసించే సముద్రతీరపు ఉప్పుగాలి చేసిన పని అది! కొత్త బ్యాటరీ బలం ఆ లోపాన్ని కొద్ది రోజులు కప్పిపుచ్చింది, అంతే.

గరుకు కాగితంతో రుద్ది, బోల్టు బిగించి, పైన గ్రీజు పూశాడు. తాళం తిప్పగానే ఇంజను మేల్కొన్నది. మొత్తం అరగంట పని.

అక్కడే, ఆ మెకానిక్ ఎదుటనే, మేము డ్రైవరును క్షమాపణ కోరాము. అతడు చిరునవ్వు నవ్వి తలుపు తెరిచాడు. ఆ మధ్యాహ్నం గల్తేశ్వరుని సన్నిధిలో నలుగురం కలిసి కూర్చొని తపతిని చూశాము.

కర్మాగారంలో యంత్రం ఆగితే కొలతలు తీసి కారణం వెదకడం మన నిత్యకృత్యం. మనిషిని తప్పుపట్టవలసి వచ్చినప్పుడు మాత్రం మీటరు తీయడం మరచిపోతాము. కామ్‌రేజ్ కూడలిలో మాకు లభించిన పాఠం ఇదే.